ఏ మాను, ఏ కొండ, ఏ మొదలు

తిరుపతి దాటి శ్రీనివాసమంగాపురం, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ వైపు వెళ్తుంటే శేషాచలం కొండలు వదలకుండా వెంట వస్తాయి. మొక్కు తీర్చుకోవడానికి వచ్చేవాళ్లకు అవి ఏడుకొండలు. అడవి శాఖ సిబ్బందికి బీట్లు, సెక్షన్లు, బేస్ క్యాంపులు. నేను ఈ దారి పట్టింది ఒక ప్రశ్నతో. ఈ కొండల్లో నరికిన ఎర్రచందనం దుంగ ఎక్కడో రేవు గోడౌన్‌లో దొరికితే, అది ఫలానా కొండ మీద ఫలానా చెట్టుదేనని కోర్టులో నిరూపించే దారి ఉందా? ఉంది. డీఎన్ఏను అక్షరం అక్షరంగా చదివే సీక్వెన్సింగ్ ఆ దారి చూపిస్తోంది. అయితే ఆ దారి ల్యాబులో మొదలుకాదనీ, ఈ కొండల మీదే మొదలవుతుందనీ ఈ ప్రయాణంలో నాకు గట్టిగా నమ్మకం కుదిరింది.

ఘాట్ మలుపు దాటాక, అడవి శాఖ దారి చూపినంత మేర లోపలికి నడిచాం. ఎండాకాలం కావడంతో చాలా చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి. ఎర్రచందనాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. నల్లటి బెరడు గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. గాటు పడితే ఎర్రటి జిగురు కారుతుంది. కాయ గుండ్రంగా, చుట్టూ పలచటి రెక్కతో ఉంటుంది. ఈ చెట్టు తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలే దీని పుట్టిల్లు. 1995లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైటీస్ దీన్ని రెండో అనుబంధంలో చేర్చింది. 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ అయింది.

దారి పక్కన పాత నరుకుడు ఒకటి కనిపించింది. గొడ్డలి దెబ్బలు పడిన చోట చెక్క నల్లబడింది. మధ్యలో చేవ ముదురు ఎరుపు, దాని చుట్టూ తెల్లచెక్క. ఆ మొదలు అంచు నుంచి చిటికెన వేలంత లావున నాలుగైదు చిగుళ్లు లేచాయి. వాటి ఆకులు లేతగా, మెరుస్తూ ఉన్నాయి. ఎర్రచందనం నరికినా మళ్లీ చిగురు వేసే చెట్టు. ఫోరెన్సిక్ కంటితో చూస్తే ఇది చాలా పెద్ద సంగతి. పైన నరుక్కుపోయిన దుంగలో ఉన్న డీఎన్ఏ, కింద లేచిన ఈ చిగురాకులో ఉన్న డీఎన్ఏ ఒక్కటే. దుంగ ఏ దేశం చేరినా దాని సాక్షి ఇక్కడ పచ్చగా బతికే ఉంది. ఆ ఆకును కోసి, ఎండబెట్టి, ఎక్కడ కోశామో రాసిపెట్టి దాచుకున్నవాళ్లుంటే చాలు.

ఈ అడవిలో ఎర్రచందనం కథ చెక్కతో ముగియదు. 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ అధికారులు ఇక్కడే దాడిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తమిళనాడులోని తిరువణ్ణామలై వంటి చోట్ల నుంచి వచ్చిన పేదలు. దుంగ మోసినవాడు దొరుకుతాడు, లేదా చనిపోతాడు. దుంగ కొన్నవాడు, ఓడ ఎక్కించినవాడు కాగితాల చాటున ఉండిపోతాడు. అడవిలో దొరికినవాడితోనే కేసు ఆగిపోతే పైవాళ్లకు ఏ భయమూ ఉండదు. దుంగ నుంచి వెనక్కి కొండ దాకా, ముందుకు కొనుగోలుదారు దాకా నడిపించే సాక్ష్యం కావాలి. సీక్వెన్సింగ్ విలువ నాకు అక్కడే కనిపిస్తుంది.

మర్నాడు శ్రీకాళహస్తి రోడ్డు పట్టి ఏర్పేడు మండలంలోని మాధవమాల వెళ్లాను. చెక్క మీద దేవుళ్లను తీర్చే ఊరది. ఇంటి ముందు అరుగు మీద ఉలి చప్పుడు, కింద చెక్క పొట్టు. ఎర్రచందనం కూడా తరతరాలుగా ఈ చేతులకు అలవాటైన కొయ్యే. ఒక పెద్దాయన చిన్న చెక్కపేడు తీసి నీళ్ల చెంబులో వేశారు. అది తేలకుండా నేరుగా అడుగుకు పోయింది. ఎర్రచందనం చేవ నీటికంటే బరువు. కాసేపు చూసినా చన్నీళ్లకు రంగు పెద్దగా దిగలేదు. ఎర్రచందనానికి ఎరుపునిచ్చే శాంటలిన్ సారాయి వంటి వాటిలో కరుగుతుంది కానీ నీళ్లలో కరగదు. దీని దాయాది వేగిసమాను అలా కాదు. దాని చెక్కతో గ్లాసులు చేసి షుగరు జబ్బుకని అమ్ముతారు. ఆ గ్లాసులో నీళ్లు పోసి రాత్రంతా ఉంచితే తేనె రంగుకు తిరుగుతాయి.

"ఏం మానో చెప్పమంటే చెప్తా సార్," అన్నారాయన. "యాడ పెరిగిందో అడిగితే నేనేం జెప్పేది? కొండ పేరు చెక్క మీద రాసుంటాదా?"

రాసే ఉంటుంది, కాకపోతే కంటికి కనపడదు. ఆయన మాటలోనే ఈ శాస్త్రం మొత్తం ఉంది. దుంగను మూడు ప్రశ్నలు అడగాలి. ఏ మాను? ఏ కొండ? ఏ మొదలు? మొదటిది జాతి, రెండోది పుట్టిన చోటు, మూడోది ఒకే ఒక చెట్టు. ప్రశ్న ముందుకు జరిగేకొద్దీ జవాబు కష్టమవుతుంది, కేసుకు బలం పెరుగుతుంది.

మొదటి ప్రశ్నకు అనుభవం ఉన్న కన్ను, సూక్ష్మదర్శిని చాలాదూరం తీసుకెళ్తాయి. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ నిపుణులు చెక్క కోతలో రంధ్రాల అమరిక చూసి మానును గుర్తిస్తారు. కానీ ఎర్రచందనం, వేగిస, ఆఫ్రికా పడౌక్ అన్నీ టెరోకార్పస్ ప్రజాతివే. కోతలో దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. పొడిగా కొట్టి డబ్బాలో పోస్తే, బొమ్మగా చెక్కి రంగు వేస్తే కన్ను పనిచేయదు. అప్పుడు డీఎన్ఏ బార్‌కోడ్ కావాలి. మొక్కలకు ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే అనే రెండు జన్యుభాగాలను బార్‌కోడ్‌గా వాడాలని 2009లో శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ బృందం ఒకటి సూచించింది. రెండూ ఆకుపచ్చ రేణువుల్లోని డీఎన్ఏలో ఉంటాయి. ఒక్కో కణంలో ఆ డీఎన్ఏకు ఎన్నో ప్రతులు ఉంటాయి కాబట్టి ఎండిన చెక్కలోనూ కొంత మిగిలి ఉండే అవకాశం ఎక్కువ.

ఎర్రచందనంతో ఉన్న చిక్కు అక్కడే. విలువంతా చేవలో ఉంది. చేవలో కణాలు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి, డీఎన్ఏ తునాతునకలై ఉంటుంది. పైగా ఎర్ర రంగుపదార్థాలు, జిగురు ల్యాబులో జరిగే రసాయన చర్యను అడ్డుకుంటాయి. తెల్లచెక్కలో డీఎన్ఏ కాస్త మెరుగ్గా దొరుకుతుంది కానీ బరువు తగ్గడానికి, ధర రావడానికి దాన్ని అడవిలోనే గొడ్డలితో చెక్కేస్తారు. పొడవాటి డీఎన్ఏ పోగులు కావాలనే పాత పద్ధతులు ఇలాంటి చెక్క ముందు చేతులెత్తేస్తాయి. వంద, నూటయాభై అక్షరాల తునకలను లక్షల సంఖ్యలో ఒకేసారి చదివి, ఒకదాని పక్కన ఒకటి పేర్చుకునే కొత్త సీక్వెన్సింగ్ యంత్రాలకు ఇలాంటి చోటే పని.

ఈ యంత్రాలు కొత్తగా ఏం చేస్తాయో స్పష్టంగా చెప్పుకోవాలి. మన ఫోరెన్సిక్ ల్యాబుల్లో డీఎన్ఏ పరీక్ష అంటే ఇప్పటికీ ఎక్కువగా ఎస్టీఆర్ పద్ధతే. డీఎన్ఏలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న భాగాల పొడవు కొలుస్తారు. రెండు వెంకటగిరి చీరలు మూరల లెక్కన సమానం కావచ్చు, నేత మాత్రం వేరై ఉండొచ్చు. ఎస్టీఆర్ పొడవు కొలుస్తుంది. సీక్వెన్సింగ్ నేతను పోగు పోగుగా చదువుతుంది. అందుకే ఇద్దరు ముగ్గురి రక్తం కలిసిపోయిన మరకలోనూ, ఎండకు వానకు పాడైన ఎముకలోనూ దానికి ఎక్కువ సమాచారం దొరుకుతుంది. 1977లో ఫ్రెడరిక్ సాంగర్ బృందం చూపిన పద్ధతిలో ఒక్కో తునకనే చదవగలిగేవారు. ఈరోజు ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ వాళ్ల మినయాన్ అనే సీక్వెన్సింగ్ యంత్రం అరచేతిలో ఇమిడిపోతుంది, ల్యాప్‌టాప్‌కు తగిలించి నడపొచ్చు.

మాధవమాల నుంచి ఏర్పేడు చేరువే. అక్కడ కొండల నేపథ్యంలో తిరుపతి ఐసర్ అనే సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ప్రాంగణం కనిపిస్తుంది. 2015లో మొదలైన ఈ సంస్థ అద్దె గదుల కాలం దాటి సొంత ప్రాంగణానికి చేరింది. ఇక్కడ వి.వి. రాబిన్ బృందం పడమటి కనుమల షోలా అడవుల పక్షుల మీద పనిచేస్తుంది. పక్షుల డీఎన్ఏ ఆధారంగా 2017లో ఆయన, సహ శాస్త్రజ్ఞులు షోలికోలా, మాంటెసింక్లా అనే రెండు కొత్త ప్రజాతులను లోకానికి చెప్పారు. ఒక లోయ అడ్డొస్తే చాలు, ఇటు కొండ పక్షి, అటు కొండ పక్షి కాలక్రమంలో వేరవుతాయని అలాంటి పని చూపిస్తుంది. పక్షికి నిజమైనది చెట్టుకూ నిజమే. శేషాచలం చెట్లకూ లంకమల చెట్లకూ మధ్య పుప్పొడి, గింజ రాకపోకలు తగ్గేకొద్దీ డీఎన్ఏలో చిన్న చిన్న తేడాలు పోగుపడతాయి. రెండో ప్రశ్నకు జవాబు ఆ తేడాల్లోనే వెతకాలి.

కానీ ఆ జవాబు దుంగను యంత్రంలో పెడితే రాదు. పోల్చడానికి ప్రతి కొండ నుంచి, ప్రతి బీటు నుంచి తెలిసిన చెట్ల నమూనాలు ముందే ఉండాలి. ఇంతకుమించిన రహస్యం ఇందులో ఏమీ లేదు. బతికిన చెట్టు నుంచి రెండు ఆకులు, లేదా బెరడు కింద నుంచి చిన్న బిళ్లంత పచ్చి పొర తీయాలి. తేమ పీల్చే సిలికా జెల్ గుళికలున్న పొట్లంలో వేయాలి. జీపీఎస్ అంకెలు, తేదీ, తీసినవారి సంతకం రాయాలి. ఈ పనికి కోట్ల యంత్రం అక్కర్లేదు. కొండ తెలిసిన కాళ్లు కావాలి. బేస్ క్యాంపుల్లో రాత్రీపగలూ ఉండే ప్రొటెక్షన్ వాచర్ల కంటే ఈ పని బాగా చేయగలవారు ఎవరు?

ఇది కోరికల జాబితా కాదని చెప్పడానికి ఉదాహరణలున్నాయి. 1992లో అమెరికాలోని ఫీనిక్స్ నగర శివార్లలో ఒక హత్య జరిగింది. నిందితుడి ట్రక్కులో పాలోవెర్డే చెట్టు కాయలు రెండు దొరికాయి. హత్య జరిగిన చోట ఉన్న చెట్టుకూ వాటికీ డీఎన్ఏ సరిపోయింది. నేర విచారణలో ఒక చెట్టు డీఎన్ఏ సాక్ష్యంగా నిలవడానికి అది తొలి అడుగు. 2015లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంకో అడుగు పడింది. జాతీయ అడవిలో మేపుల్ చెట్లు దొంగతనంగా నరికి, గిటార్ల తయారీకి పనికొచ్చే చెక్కగా అమ్మారు. అడవిలో మిగిలిన మొదళ్ల డీఎన్ఏతో మిల్లులోని చెక్కను సరిపోల్చారు. బోనులో నిలబడాల్సింది చెక్కను నరికిన కూలీ ఒక్కడే కాదని, కొన్న మిల్లు యజమాని కూడా నిలబడాలని ఆ కేసు చూపించింది. మన మూడో ప్రశ్నకు జవాబు మొదలుతో చెక్కను కలిపే ఆ సరిపోలికే.

చిత్తూరు మీదుగా పలమనేరు వైపు వెళ్లినప్పుడు ఇంకో ఉదాహరణ గుర్తొచ్చింది. దారి పొడవునా మామిడి తోటలు, చెరకు, టమాటా. సాయంత్రమైతే పొలాల దగ్గర ఏనుగుల మాటే. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు ఈ గడ్డకు వచ్చాయి. ఆ తర్వాత కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పంట పోగొట్టుకున్న రైతు బాధ ఒకవైపు, కరెంటు తీగ తగిలి పడిపోయే ఏనుగు ఒకవైపు. ఆఫ్రికాలో శామ్యూల్ వాసర్ అనే శాస్త్రజ్ఞుడు దంతాల దొంగవ్యాపారం మీద చేసిన పనిని ఈ దారిలో తలుచుకోకుండా ఉండలేం. ఆయన బృందం 29 దేశాల్లో అడవులు తిరిగినవాళ్ల సాయంతో ఏనుగుల పేడ, కణజాలం నమూనాలు పోగుచేసి జన్యుపటం తయారుచేసింది. పట్టుబడ్డ దంతాల డీఎన్ఏను దానితో పోల్చి, పెద్ద ఎత్తున వేట జరిగే చోట్లు ప్రధానంగా రెండేనని 2015లో చూపించింది. 2018లో ఇంకా ముందుకు వెళ్లింది. ఒకే ఏనుగు రెండు దంతాలు వేర్వేరు సరుకుల్లో, వేర్వేరుగా పట్టుబడ్డాయని తేల్చింది. దాంతో ఆ సరుకుల వెనక ఉన్నది ఒకే ముఠా అని అర్థమైంది. ఒక ఎర్రచందనం చెట్టు నుంచి రెండు మూడు దుంగలు వస్తాయి. అవి వేర్వేరు లారీల్లో, వేర్వేరు రేవుల్లో దొరికితే? ఒకే మొదలు అని తేలిన రోజు విడివిడి కేసులు ఒక్కటవుతాయి.

మనకు ఈ విద్య పరాయిది కాదు. 1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కనిపెట్టాక కొన్నేళ్లకే హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ మన సొంత పద్ధతి తయారుచేశారు. ఆయన వాడిన జన్యుభాగం కట్లపాముల జాతి పాము నుంచి వచ్చింది. 1989లో కేరళలో తలశ్శేరి కోర్టులో నడిచిన పితృత్వ కేసులో అది సాక్ష్యంగా నిలిచింది. 2003లో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ కలిసి ఏ జంతువు మాంసమైనా, చర్మమైనా జాతి చెప్పగల ఒకే పద్ధతిని ప్రకటించారు. అత్తాపూర్‌లోని సీసీఎంబీ వన్యప్రాణి ప్రయోగశాల ల్యాకోన్స్‌కు దేశం నలుమూలల నుంచి వన్యప్రాణి కేసుల నమూనాలు వస్తాయి. 2022లో అదే సీసీఎంబీ పంజాబులోని అజ్నాలా బావిలో దొరికిన ఎముకలు 1857 నాటి సిపాయిలవని, వాళ్లు గంగా మైదానం వారని పళ్లలో మిగిలిన డీఎన్ఏతో చెప్పింది. నూటయాభై ఏళ్లకు పైగా బావిలో పడి ఉన్న పన్ను మాట్లాడగలిగినప్పుడు, నిన్న నరికిన దుంగ మాట్లాడదా?

అయితే హైదరాబాద్ తిరుపతికి ఐదువందల కిలోమీటర్లకు పైనే. నేరం జరిగిన చోటుకూ పరీక్ష జరిగే చోటుకూ మధ్య దూరం పెరిగేకొద్దీ సాక్ష్యం బలహీనపడుతుంది. దుంగ నుంచి తీసిన పేడు ఏ కవరులో పెట్టారు, సీలు ఎవరు వేశారు, మహజరు మీద సాక్షులు ఎవరు, రోహిణి కార్తె ఎండలో జీపులో ఎంతసేపు ఉంది? కోర్టులో ప్రతివాది న్యాయవాది అడిగేవి ఇవే, అడగాల్సినవీ ఇవే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. ఏర్పాట్లకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఉంది. ఎర్రచందనం కేసులకే ప్రత్యేక కోర్టు ఉన్న తిరుపతిలో ఆ గడువు చివరిదాకా ఆగాల్సిన పని లేదు. పేడు తీయడం, ఎండబెట్టడం, సీలు వేయడం తెలిసినవాళ్లు ఇక్కడే, ఇప్పుడే కావాలి.

సీక్వెన్సింగ్ యంత్రాన్ని మనిషి మీద వాడినప్పుడు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. రోజూ వేలమంది వచ్చిపోయే తిరుపతిలో అయినవాళ్లెవరూ రాని మృతదేహాలు ఉంటాయి. రైలు పట్టాల పక్కన, బస్టాండులో, మెట్లదారిలో కన్నుమూసినవాళ్లు. తప్పిపోయినవారి ఇంటివాళ్లు ఏ రాష్ట్రంలోనో ఎదురుచూస్తుంటారు. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏలో 16,569 అక్షరాలుంటాయి. పాడైన ఎముకలోనూ వాటిని చదవగలగడం ఆ కుటుంబాలకు పెద్ద సాయం. కానీ చెట్టు డీఎన్ఏ ఎవరి గుట్టూ బయటపెట్టదు. మనిషి డీఎన్ఏ అతని జబ్బులు, అతని బంధువుల సంగతులు కూడా చెబుతుంది. డీఎన్ఏ నియంత్రణ బిల్లును 2019లో లోక్‌సభలో పెట్టి 2023లో వెనక్కి తీసుకున్నారు. ఎవరి నమూనా ఎన్నాళ్లు దాచాలి, ఎవరు చూడాలి, ఎప్పుడు చెరిపేయాలి అన్నది చట్టంలో గట్టిగా రాసుకోకుండా యంత్రాలు కొనుక్కుంటూ పోవడం సరికాదు. అడవి కేసుల్లో దొరికిన పేద కూలీ డీఎన్ఏ శాశ్వతంగా ఏదో జాబితాలో ఉండిపోయి, చెక్క కొన్నవాడి పేరు ఎక్కడా లేకపోతే అది న్యాయం కాదు.

చిత్తూరు వైపు మామిడి తోటల గట్ల మీద ఎర్రచందనం వరుసలు కనిపిస్తాయి. పిల్లల చదువుకో పెళ్లికో అక్కరకొస్తుందని రైతులు నాటినవి. సొంత భూమిలో పెంచినా నరకడానికి, తరలించడానికి అనుమతులు కావాలి. అడవి చెట్టే అని అనుమానించే కళ్లను దాటాలి. 2023 నవంబరులో సైటీస్ భారత్ ఎర్రచందనాన్ని వ్యాపారం మీద తాను చేసే ప్రత్యేక సమీక్ష నుంచి తప్పించింది. రైతుకు అది శుభవార్త. ఎగుమతి దారి తెరుచుకునేకొద్దీ తోట కాగితాల చాటున అడవి దుంగ జారిపోకుండా చూడాలి. నారు నాటిన రోజే మొక్క ఆకు డీఎన్ఏ నమోదైతే నిజాయితీ గల రైతుకు అదే అన్నిటికంటే గట్టి పత్రం. దొంగకు అదే అడ్డుగోడ.

కాబట్టి చేయాల్సిన పనులు ఈ దారిలోనే వరుసగా కనిపించాయి. శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల అంతటా బీటు బీటుకూ చెట్ల నమూనాలు సేకరించాలి. నరికిన ప్రతి మొదలు నుంచి ఆకో చెక్కో తీసి దాచాలి. పట్టుబడ్డ ప్రతి సరుకు నుంచి పేడు తీయాలి. అడవి శాఖ, ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్, తిరుపతి ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబు, ఏర్పేడు ఐసర్, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఒకే తీరున రాసే ఒక రిజిస్టరు ఉండాలి. ఎంత నమ్మకంతో సరిపోయింది, పొరపాటుకు ఎంత అవకాశం ఉంది అన్నది నివేదికలో అంకెల్లో చెప్పాలి. ఆ అంకెలను ప్రతివాది కూడా పరీక్షించుకోగలగాలి. యంత్రం ఈ జాబితాలో చివరిది. డబ్బుంటే దాన్ని కొనుక్కోవచ్చు, నమూనాలను ఎవరూ అమ్మరు. వాటిని మనమే నడిచి తెచ్చుకోవాలి.

ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టని చెట్టు ఇక్కడ పుట్టింది. దాని మీద ప్రపంచంలో అందరికంటే లోతైన జన్యు సమాచారం ఉండాల్సింది కూడా ఇక్కడే, తిరుపతిలోనే. అది ఉంటే కేసు కూలీ దగ్గర ఆగదు. కూలీని దాటి, లారీని దాటి, రేవును దాటి, డబ్బు పెట్టినవాడి గుమ్మం దాకా వెళ్తుంది.